చిల్లు లేని కారు

నరసాపురం దాటి ఏటిగట్టు పట్టుకుని ఇంకాస్త కిందికి పోతే, గోదావరి గాలిలో ఉప్పు వాసన మొదలయ్యే చోట ఒక పేట ఉంది. ఆ పేటలో పడవ కట్టించుకోవాలన్నా, కట్టిన పడవకి వైద్యం చేయించుకోవాలన్నా సత్తియ్య మేస్త్రి గుమ్మం తొక్కాల్సిందే. అరవై దగ్గర పడుతున్న మనిషి. పడవ పలక మీద వేలి కణుపుతో రెండు దెబ్బలు కొట్టి, చెవి ఆనించి, పుచ్చు ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తాడు. అది తప్పిన సందర్భం ఆ తీరంలో ఎవరికీ గుర్తు లేదు.

ఆ విద్యతో వచ్చిన చిక్కల్లా ఏమిటంటే, అడిగినా అడక్కపోయినా కనిపించిన కర్రనల్లా కొట్టి చూడటం ఆయనకి అలవాటైపోయింది. బంధువుల ఇంట పెళ్ళికి వెళ్ళి, తాళి కట్టే వేళ పక్కనున్న పందిరి గుంజని ఠక్ ఠక్ మనిపించి, "ఇది పుచ్చిపోయిందర్రా" అని గట్టిగా అనేశాడు. పురోహితుడు మంత్రం ఆపాడు. పందిరివాడు పోట్లాటకి వచ్చాడు. భార్య మరిడమ్మ ఆయన్ని రెక్క పట్టుకుని భోజనాల వైపు లాక్కెళ్ళింది. పందిరి మర్నాడు విప్పుతుంటే ఆ గుంజ రెండు ముక్కలైంది గాని, అప్పటికి ఆ సంగతి ఎవరికి కావాలి?

ఫైబరు పడవలు వచ్చాక చెక్క పడవలు కట్టించేవాళ్ళు తగ్గారు. చేతులు ఖాళీగా ఉంటే సత్తియ్యకి తిన్నది ఒంటబట్టదు. అలాంటి రోజుల్లో, పడవ పక్కటెముకలకి వంపు తిరిగిన తుమ్మ కొమ్మలు ఉన్నాయని ఎవరో చెబితే పెనుగొండ వెళ్ళాడు. చెట్టు జగన్నాథరావు గారిది. ఆయన ప్లీడరీ మానేసి తీరిగ్గా ఉన్న పెద్దమనిషి. చెట్టు చూడటానికి పెరట్లోకి వెళ్ళిన సత్తియ్య, దారిలో పశువుల పాక దగ్గర ఆగిపోయాడు. గడ్డిమోపుల వెనక ఒక కారు. వెనక సీట్లో ఒక కోడి పొదుగుతూ కూర్చుని, లోపలికి తొంగి చూసిన మనిషిని చిరాగ్గా చూసింది.

"ఇదేంటండి?"

"ఫియట్టయ్యా. మా నాన్నగారిది. అది కదిలి ఎన్నేళ్ళయిందో. పాక పడగొట్టేస్తున్నాం, ఇనప కొట్టువాడు వచ్చి పట్టుకుపోతానన్నాడు."

సత్తియ్య ఊరుకోలేదు. ముందు రేకు మీద కొట్టాడు, తలుపు మీద కొట్టాడు, వంగి అడుగున కొట్టాడు. చెవి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"బతికే ఉందండి," అన్నాడు లేచి.

"ఎవరు, కోడా?"

"కారండి. పైపైన తుప్పే గాని ఎముక గట్టిది."

జగన్నాథరావు గారికి నవ్వొచ్చింది. తండ్రి పోయాక ఆ కారు గురించి ఒక మంచి మాట అన్న మనిషి ఇతనే. "అయితే పట్టుకుపో, కాగితాలు నీ పేర రాసిస్తాను. కోడి మాత్రం మాదే," అన్నారు.

అలా తుమ్మ కొమ్మలకి వెళ్ళిన మనిషి ట్రాక్టరు మీద కారు ఎక్కించుకుని తిరిగొచ్చాడు. మరిడమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏంటయ్యా ఇది?"

"కారు."

"కారని నాకూ కనబడతంది. ఎక్కడ పెడతావు?"

"పాకలో."

అక్కడ మొదలైంది అసలు తగాదా. ఇంటి పక్క తాటాకు పాక పేరుకి పడవల పాకే గాని, వానాకాలం వచ్చిందంటే అది మరిడమ్మ రాజ్యం. ఎండు చేపల బుట్టలు, గంపలు అన్నీ అందులోనే. ఆమె ఎండు చేపలకి పాలకొల్లు సంత దాకా పేరుంది. ఇప్పుడు కారు వచ్చి నడిమధ్య కూర్చుంది. కారు రంగు వాసన చేపలకి పడుతోందని ఆమె, చేపల వాసన సీట్లకి పడుతోందని ఆయన. ఇద్దరూ నిజమే చెప్పారు. పేటలో పిల్లులన్నీ కారు కప్పు మీదే కాపురం పెట్టాయి.

ఇంజను పని సత్తియ్యకి రాదు. అందుకు వరసకి కొడుకయ్యే ఉదయ్‌కుమార్ ఉన్నాడు. నరసాపురం బస్టాండు వెనక అతనికి కార్లు బాగుచేసే షెడ్డుంది. ఆదివారం ఆదివారం వచ్చి ఇంజను విప్పేవాడు, దొరకని భాగాల కోసం రాజమండ్రి పాత సామాను కొట్లన్నీ తిరిగేవాడు. రేకు, చెక్క, సీట్లు మాత్రం మేస్త్రివే. అక్కడ ఆయన్ని చూడాలి! తుప్పు తిన్న రేకు కోసేసి, పడవ పలకకి కొలత తీసినట్టే తాటాకుతో అచ్చు కత్తిరించి, కొత్త రేకుని చింతమొద్దు మీద పెట్టి చెక్క సుత్తితో ఒంపు తెచ్చేవాడు. తొందర లేదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య అరచేత్తో తడిమి చూసేవాడు. ఉదయ్ ఒకసారి వచ్చి అతుకు ఎక్కడుందో వెతుక్కుని, దొరక్క, "బాబాయ్, ఏ పక్క మార్చావో నువ్వే చెప్పు," అన్నాడు. ఆయన చిన్నగా మీసం దువ్వుకున్నాడు.

కొన్ని సొంత తెలివితేటలు కూడా కలిపాడు. ముందు అద్దం కింద పగిలిపోయిన పలక తీసేసి, విప్పేసిన పాత పడవ టేకు చెక్కతో కొత్తది చేశాడు. సీట్లలో కోనసీమ కొబ్బరి పీచు కూరాడు. సీట్ల వెనక సామాన్లు పెట్టుకోవడానికి నైలాను వల ముక్కతో సంచులు అల్లాడు. రంగు మాత్రం కాగితాల్లో ఉన్న మీగడ రంగే ఉండాలని ఉదయ్ ఒట్టు పెట్టించుకున్నాడు. మేస్త్రి మాట తప్పలేదు గాని, పడవకి వేసినట్టు నడుం చుట్టూ సన్నటి ఎర్ర గీత ఒకటి లాగకుండా ఉండలేకపోయాడు. ఆ గీత ముందు నుంచి వెనక దాకా ఒక్క వంకర లేదు. చేత్తోనే వేశాడంటే నమ్మనివాళ్ళని కూర్చోబెట్టి, వాళ్ళ కళ్ళముందే గోడ మీద ఇంకోటి వేసి చూపించాడు.

ఈ పనుల మధ్య ఒకనాడు కిందికి దూరి చూస్తే అడుగు రేకులో గుండ్రంగా చిల్లులు కనిపించాయి. తలుపుల అడుగంచున కూడా వరసగా చిన్న చిన్న బెజ్జాలు. అడుగున చిల్లులు! ఏ చేతగానివాడి పని ఇది? పడవలు కట్టే వంశంలో పుట్టి, అడుగున గుండుసూదంత సందు కనబడితే అన్నం ముట్టని మనిషి. ఉదయ్‌ని అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. చిల్లు గురించి సత్తియ్య మేస్త్రి ఇంకొకరిని అడగడం ఏమిటి? నూనెలో గుగ్గిలం కాచి, దూది పోగులు అందులో ముంచి, ఉలితో ఒక్కొక్క చిల్లులోకీ దట్టించి, పైన పుట్టీ మెత్తి, రంగు వేసేశాడు. బయటికి వచ్చి అరుగు మీద ఉన్నవాళ్ళతో, "గోదాట్లో దింపండి, చుక్క నీళ్ళు ఎక్కితే నా పేరు మార్చుకుంటాను," అన్నాడు.

"కారుని గోదాట్లో ఎందుకు దింపుతారు మేస్త్రి గారూ?" అంది పొరుగింటి చిట్టెమ్మ. మరిడమ్మతో కలిసి చేపల వ్యాపారం చేసే మనిషి. నోరు కూడా ఆమెకి దీటే.

"మాటవరసకే చిట్టెమ్మా."

"మాటలకేం గాని, అది రోడ్డు మీద నడుస్తుందా, పాకలోనే ముసలిదైపోతుందా?"

ఆ మాటకి మరిడమ్మ అందుకుంది. వానలు ముంచుకొస్తున్నాయి, బుట్టలు వసారాలో పడి ఉన్నాయి. "వీధిలో అందరి ముందూ చెప్పు. ఇది ఎప్పుడు కదుల్తుంది?"

సత్తియ్యకి రోషం వచ్చింది. బండి రోడ్డు మీద తిరగాలంటే యోగ్యమైనదని బ్రేక్ ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టాలి. సోమవారం చూపించడానికి ఉదయ్ అప్పటికే తేదీ తీసుకున్నాడు. "సోమవారం పాసైతే పాక దానిది. పాస్ కాకపోతే అటు నుంచి అటే ఇనప కొట్టుకి తోసేస్తాను. మళ్ళీ దాని ఊసెత్తను," అన్నాడు. అన్నాక నాలిక కరుచుకున్నాడు గాని, వీధి విన్న మాట. మేస్త్రి మాట ఇచ్చి తప్పాడంటే రేపు పడవకి బయానా ఎవరిస్తారు?

ఆదివారం సాయంత్రం మబ్బు పట్టింది. మరిడమ్మ ఇంక ఆగలేదు. "రేపు ఎలాగూ కదలాల్సిందే కదా," అని చిట్టెమ్మని సాయం పట్టి కారుని సగం బయటికి తోయించి, బుట్టలు లోపల సర్దేసింది. కొత్త రంగు వాసన పోవాలని సత్తియ్య అద్దాలు కిందికి దించి ఉంచాడు. కప్పు సరిగ్గా పాక చూరు కిందికి వచ్చింది. ఆ సంగతి ఎవరూ చూసుకోలేదు. రాత్రంతా వాన. చూరు నీళ్ళన్నీ ధారకట్టి కిటికీల్లోంచి లోపలికే పోశాయి.

తెల్లారి సత్తియ్య తలుపు తీయబోయి ఆగాడు. లోపల సీట్ల దాకా నీళ్ళు. నిశ్చలంగా, చెరువులా ఉన్నాయి. వల సంచిలోంచి జారిన తువ్వాలు తేలుతోంది. చుట్టూ వంగి చూశాడు. కింద నేల మీద కారు నుంచి కారిన తడి లేదు. ఒక్క బొట్టు లేదు. అంత బాధలోనూ, ఏం చెప్పను, మనిషి ముఖంలో ఒక్క క్షణం గర్వం మెరిసింది.

చిట్టెమ్మ వచ్చి చూసి, చెంగు నోట్లో కుక్కుకుంది. "మేస్త్రి గారూ, ఇది కారా, రొయ్యల చెరువా? రొయ్యపిల్ల వేస్తే దసరాకల్లా పట్టి అమ్ముకోవచ్చు."

వీధి వీధంతా పోగైంది. నవ్వినవాళ్ళు నవ్వారు, ఫోన్లలో ఫొటోలు తీసినవాళ్ళు తీశారు. సత్తియ్య తల దించుకుని, పడవలో నీళ్ళు తోడే డిప్ప తెచ్చి తోడటం మొదలెట్టాడు. కాసేపటికి అవతలి తలుపు దగ్గర ఇంకో చప్పుడు వినిపించింది. మరిడమ్మ చీర దోపుకుని, చేపలు కడిగే సత్తు గిన్నెతో తోడుతోంది.

"నువ్వెందుకే?"

"పొద్దెక్కుతోంది. తోడు."

ఇంజను ముందు వైపు ఎత్తులో ఉంది కాబట్టి బతికింది. ఉదయ్ వచ్చి తిప్పగానే అందుకుంది. జరిగింది విని అతనికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "అవి ఉండాల్సిన చిల్లులే బాబాయ్! ఇప్పుడు విప్పే టైము లేదు, ముందు పదండి. నేను బండి మీద వెనకాలే వస్తాను," అన్నాడు. ఉండాల్సిన చిల్లులేమిటో సత్తియ్యకి బోధపడలేదు. కుర్రతనం మాటలనుకున్నాడు. మరిడమ్మ కూడా ఎక్కి కూర్చుంది, "ఇనప కొట్టులో దించుతావో లేదో నా కళ్ళతో చూడాలి," అంటూ. సీటు మీద గోనె వేసుకున్నా కొబ్బరి పీచు తడి పైకి ఊరుతూనే ఉంది.

ఉదయ్ షెడ్డులోని బండ్ల మీద నేర్చుకున్నాడు గాని, సత్తియ్య కారు నడపడం పడవ నడిపినట్టే ఉంటుంది. మలుపు చాలా దూరం ఉండగానే తిప్పడం మొదలెడతాడు, ఆగాల్సిన చోటుకి ముందే వేగం తగ్గించేసి తేలుతూ వస్తాడు. దారిలో జనం ఆగి చూశారు. టీ కొట్టు దగ్గర ఒక ముసలాయన లేచి నిలబడి, "మా డాక్టరు గారికి ఇలాంటిదే ఉండేదండి!" అని కేకేశాడు. ఒక స్కూలు బస్సులోంచి పిల్లలు చేతులూపారు. మరిడమ్మ మొదట ముఖం తిప్పుకుంది. తర్వాత చెంగు సర్దుకుంది. తర్వాత, ఎవరూ చూడటం లేదనుకుని, తనూ చెయ్యి ఊపింది.

ఇన్‌స్పెక్టరు రెబెక్కా గారు ఆఫీసు ఆవరణలోనే ఎదురొచ్చారు. కళ్ళజోడు, చేతిలో టార్చిలైటు. దీపాలు చూశారు, హారను మోగించి చూశారు. టేకు పలకని చేత్తో నిమిరి, "ఎవరు చేశారండి?" అన్నారు. నడుం చుట్టూ గీత చూసి నవ్వుకున్నారు. "ఏదీ, గేటు దాకా పోనిచ్చి బ్రేకు వెయ్యండి," అన్నారు.

సత్తియ్య పోనిచ్చి, వేశాడు. కారు గీత గీసినట్టు ఆగింది. కానీ కారు ఆగాక లోపల ఇంకేదో ఆగలేదు. నాలుగు తలుపుల్లోంచీ దబుక్కుమని శబ్దం వచ్చింది. సీటు కింద మిగిలిన నీళ్ళు అలలా వచ్చి మేస్త్రి పాదాలు కడిగాయి.

"ఏంటండి ఆ చప్పుడు?"

ఉదయ్ ఆకాశం వైపు చూశాడు. సత్తియ్య దిగి, చేతులు కట్టుకుని, ఉన్నదున్నట్టు చెప్పాడు. చిల్లులు ఎలా చూశాడో, ఎలా మూశాడో, రాత్రి వాన, పొద్దున్న చెరువు. ఆవిడ నవ్వు ఆపుకోడానికి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తర్వాత మెల్లిగా చెప్పారు.

"అవి కంపెనీవాళ్ళు కావాలని పెట్టినవండి. కారులోకి నీళ్ళు పైనుంచే వస్తాయి. కింద నుంచి పోవాలి. నిలిచిపోతే రేకు తుప్పుపట్టి, మీరు పడ్డ కష్టమంతా రెండు వర్షాకాలాల్లో ఊడి కింద పడుతుంది. మిగతా అంతా బాగుంది. చిల్లులు తెరిచి చూపించండి, సంతకం పెడతాను. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను."

ఉదయ్ ముఖం వెలిగింది. "ఎంతసేపు బాబాయ్! ఉలి డిక్కీలోనే ఉందిగా."

సత్తియ్య కదల్లేదు. కారు వైపే చూసి, "నా వల్ల కాదురా," అన్నాడు.

"అదేంటి?"

"ఇన్ని పడవలు కట్టాను. అడుగున చిల్లు ఎప్పుడు పెడతామో తెలుసా? పడవ పని అయిపోయి, ఇంక విప్పేద్దాం అనుకున్నప్పుడు. ముందు అడుగున చిల్లు కొట్టి, దణ్ణం పెట్టి, అప్పుడు పలక లాగుతాం. అది చంపడంరా. బతికించి తెచ్చుకుని దానికి అదే చెయ్యమంటే..." తలపాగా సర్దుకున్నాడు. "పోనీలే. మాటిచ్చాను కదా, ఇనప కొట్టుకే పోనిద్దాం."

ఉదయ్ నోరు తెరిచాడు గాని మాట మరిడమ్మది.

"ఏమయ్యా, ఇటు చూడు."

చూశాడు. ఆమె ఇంకా దిగలేదు. తడి గోనె మీద, ముందు సీట్లోనే కూర్చుని ఉంది.

"నన్ను పెళ్ళి చేసుకున్నాక ఎన్ని పడవలు కట్టావో నీకే లెక్క లేదు. మన పేటలో ఆడది వేటపడవ ఎక్కకూడదు. పసుపు రాయడానికి, కొబ్బరికాయ కొట్టడానికి ఒడ్డున నిలబడ్డాను గాని, ఒక్కదాన్లో కాలు పెట్టానా? నువ్వు బాగా కడతావని ఊళ్ళోవాళ్ళు చెబితే వినడమే. ఇవాళే ఎక్కాను నీ చేతి పని. ఒళ్ళంతా తడిసింది, ఆ సంగతి వేరు." ఆగి ముక్కు తుడుచుకుంది. "అక్కణ్ణించి ఇక్కడిదాకా ఒక్క కుదుపు లేదు. దీన్ని ఇనప కొట్టుకి తోస్తే నాతోపాటే తొయ్యి. నేను దిగను."

"పేటలో మాట..."

"పేట మాట నేను చూసుకుంటాను. చిట్టెమ్మకి జవాబు చెప్పడం నీకు చేతకాదు, నాకొచ్చు. ఇది పడవ కాదయ్యా. దీని పద్ధతి దీనిది. మందుకి తగ్గకపోతే డాక్టరు సూది గుచ్చడా? చంపడానికా?"

రెబెక్కా గారు ఏదో కాగితం చూసుకుంటున్నట్టు అటు తిరిగారు.

సత్తియ్య డిక్కీ తీశాడు. ఉలి, చెక్క సుత్తి బయటికి తీసి, తలపాగా విప్పి నేల మీద పరుచుకుని, కారు కిందికి దూరాడు. ఉదయ్ వంగి చూస్తే, ఆయన అరచెయ్యి అడుగు రేకుకి ఆనించి, పెదవులు కదుపుతున్నాడు. తర్వాత సుత్తి దెబ్బ పడింది. ఆయన దట్టించిన దూది ఆయనకే ఓ పట్టాన లొంగలేదు. అంత బిగువుగా కొట్టినందుకు తన చేతిని తనే తిట్టుకున్నాడు. ఊడిన మరుక్షణం నీళ్ళు భళ్ళున ముఖం మీద పడ్డాయి.

"అయ్యిందా?" అంది మరిడమ్మ పైనుంచి.

"ఒకటి," అన్నాడు నీళ్ళు ఉమ్మేస్తూ.

"మిగతావి కూడా కానియ్యి. ఇక్కడ కాళ్ళ కింద ఇంకా చల్లగానే ఉంది."

తలుపుల అంచులు తెరిచేసరికి నీళ్ళు నాలుగు పాయలుగా ఆఫీసు ఆవరణ దాటి గేటు దాకా పోయాయి. సంతకం పెట్టాక రెబెక్కా గారు, "ఎర్ర గీత చెరపకండి. బాగుంది," అన్నారు. సత్తియ్య తడిసిన చేతులతోనే నమస్కారం పెట్టాడు.

తిరుగు దారిలో మళ్ళీ చినుకులు పడ్డాయి. ఆయన అద్దాలు గబగబా ఎక్కించాడు. మరిడమ్మ పాక పంపకం మొదలెట్టింది. సగం దానికి, సగం బుట్టలకి, మధ్యలో టార్పాలిన్ తెర. వాసన గొడవ వస్తే తీర్పు తనది. ఆయన దేనికీ కాదనలేదు.

వీధి మొదట్లో చిట్టెమ్మ కాచుకుని ఉంది. "పాసా, ఫెయిలా?"

"మేస్త్రి కట్టిన బండి ఫెయిలవుతుందా?" అంది మరిడమ్మ, కారు ఆపనివ్వకుండానే. ఇంటి ముందు సత్తియ్య బ్రేకు వెయ్యబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఇంకాస్త పోనియ్యి. రేవు దాకా."

రేవులో పోటు మీద ఉంది ఏరు. చెక్కవీ ఫైబరువీ కలిసి పడవలు వరసగా ఊగుతున్నాయి. ఆమె కిటికీ అద్దం కొంచెం దించి, వాన ముఖాన పడుతున్నా పట్టించుకోకుండా చాలాసేపు చూసింది.

"వీటిల్లో నీవేవి?"

ఇన్నేళ్ళలో ఆమె ఆ ప్రశ్న అడగడం అదే మొదలు. సత్తియ్య ఆమె మీదుగా చెయ్యి చాపి, చివరనున్న దానితో మొదలుపెట్టి ఒక్కొక్కటే చూపించసాగాడు.